ఉన్ని పిట్ట కిట్: నెల రోజులు వాడాక నా అనుభవం

ఉన్నితో బొమ్మలు చేసే నీడిల్ ఫెల్టింగ్ కిట్ ఒకటి నెల కిందట తెప్పించాను. డబ్బా మీద బూడిద రంగు పిట్ట బొమ్మ ఉంది. లోపల ఐదు రంగుల ఉన్ని, ఆరు సూదులు, పొడిచేటప్పుడు బొమ్మ కింద పెట్టుకునే ఒక ఫోమ్ దిమ్మ, కళ్ళకి రెండు నల్లపూసలు, ముక్కు కత్తిరించుకోవడానికి చిన్న ఫెల్ట్ ముక్క, మడతపెట్టిన సూచనల కాగితం. స్వెటర్లు అల్లడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఫెల్టింగ్ మాత్రం ఇదే మొదలు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, ఇద్దరం కలిసే చేశాం.

ముందే చెప్పేస్తాను. ఉన్ని బాగుంది, సూదులు పర్వాలేదు, దిమ్మ బాగాలేదు, సూచనల కాగితం అస్సలు చాలదు. అయినా ఫెల్టింగ్ కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే మళ్ళీ ఈ కిట్టే కొంటాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఫెల్ట్‌లో నేత ఉండదు, అల్లిక ఉండదు. విడి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని అట్టకట్టేస్తాయి, అంతే. సూదితో పొడిచి అలా చేస్తే నీడిల్ ఫెల్టింగ్, సబ్బునీళ్ళతో రుద్ది చేస్తే వెట్ ఫెల్టింగ్.

మొదటి రోజు పిట్ట ఒళ్ళు చేయడానికి కూర్చున్నాం. ఉన్నిని ఉండలా చుట్టి సూదితో పొడుస్తూ పోవాలని కాగితంలో ఉంది. రెండు గంటలు పొడిచినా ఉండ మెత్తగానే ఉంది, వేలితో నొక్కితే లోపలికి పోతోంది. మూడో రోజుకి గానీ కారణం తెలియలేదు. కిట్‌లో ఇచ్చింది మెరినో అనే జాతి గొర్రెల దువ్విన ఉన్ని. పోగులన్నీ పొడుగ్గా, సన్నగా, ఒకే వైపుకి పడుకుని ఉంటాయి. పైన రంగు వేసుకోవడానికి అది చాలా అందంగా ఉంటుంది కానీ, లోపలి ముద్దకి ఏకిన ఉన్ని కావాలి. దానిలో పోగులు అన్ని దిక్కులకీ చెదిరి ఉంటాయి కాబట్టి తొందరగా పట్టేస్తుంది. మా దగ్గర ఏకిన ఉన్ని లేదు. అందుకని ఉన్నదాన్నే చిన్న చిన్న తుంపులుగా తుంచి, అడ్డంగా నిలువుగా కలిపి, రెండు చేతుల్తో లాగి లాగి చిందరవందర చేశాం. అరగంటలో ఉండ గట్టిపడింది. కాగితంలో ఈ ఒక్క ముక్క రాసి ఉంటే మాకు రెండు రోజులు మిగిలేవి.

సూదుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా అమ్మాయి పొడుస్తూ పొడుస్తూ ఆగి, "అమ్మా, ఉన్ని సూదితో పాటు లోపలికి పోతోంది కానీ మళ్ళీ సూదితో బయటికి రావట్లేదేంటి?" అంది. భూతద్దం తెచ్చి ఇద్దరం చూశాం. సూది గుండ్రంగా ఉండదు, మూడు అంచులు ఉన్నాయి. ఒక్కో అంచు మీద రంపప్పళ్ళ కంటే చాలా చిన్న గాట్లు ఉన్నాయి, అవన్నీ మొన వైపుకే వాలి ఉన్నాయి. దిగేటప్పుడు పోగులు ఆ గాట్లలో తగులుకుని లోపలికి పోతాయి, పైకి లాగేటప్పుడు జారి అక్కడే ఉండిపోతాయి. అద్దం కింద ఒక గాటుకి ఎర్ర పోగు ఒకటి వేలాడుతూ కనిపించింది. దాన్ని చూశాక మా అమ్మాయి పొడిచే పద్ధతే మారిపోయింది. నిటారుగా దించి నిటారుగా తీయడం మొదలుపెట్టింది. అంతకుముందు పక్కకి వంచేది, అలా వంచినప్పుడే రెండు సూదులు విరిగాయి. వీటిలో వంగే గుణం ఉండదు, టక్కున విరుగుతాయి. విరిగిన మొన బొమ్మలోనే ఉండిపోతే ప్రమాదం కాబట్టి వెతికి తీసేయాలి.

ఈ సూదులకి నంబర్లుంటాయి. 36 లావు, 38 మధ్యరకం, 40 సన్నం. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ముందు లావు సూదితో ఆకారం తెచ్చుకుని, చివర్లో సన్నదానితో పైభాగం నునుపు చేసుకోవాలి. ఈ కిట్ సూదుల తలలకి మూడు రంగులు పూశారు గానీ, ఏ రంగు ఏ నంబరో ఎక్కడా రాయలేదు. వేళ్ళ మధ్య దొర్లించి మేమే పోల్చుకున్నాం.

డబ్బా మీద ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి అని ఉంది. నాకది నచ్చలేదు. పదకొండేళ్ళ పిల్లకే పక్కన కూర్చుని చూసుకోవాల్సి వచ్చింది, ఒకసారి వేలికి గుచ్చుకుని రక్తం కూడా వచ్చింది. వేళ్ళకి తోలు తొడుగులు కిట్‌లోనే ఇవ్వాల్సింది.

ఫోమ్ దిమ్మ నాలుగో రోజుకే పొట్టు రాలడం మొదలైంది. నీలం నలుసులు పిట్ట పొట్టకి అంటుకుంటే పట్టకారుతో ఏరాను. తర్వాత పాత సోఫా దిండులోంచి దట్టమైన ఫోమ్ ముక్క కోసుకుని వాడుతున్నాం.

పిట్ట ఆరో రోజుకి పూర్తయింది. డబ్బా మీద ఉన్నదాని కంటే మెడ కొంచెం పొడుగైంది. అప్పుడు మా అమ్మాయికి పజిరిక్ హంస ఫోటో చూపించాను. రష్యాలోని అల్తాయ్ పర్వతాల్లో పజిరిక్ అనే చోట మంచు పట్టిన సమాధిలో దొరికిన ఫెల్ట్ హంసల్లో అదొకటి, ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. చేసి 2,200 ఏళ్ళు దాటినా మెడ వంపు చెక్కుచెదరలేదు. ఉన్ని అంతకాలం నిలుస్తుందంటే మా అమ్మాయికి నమ్మకం కుదరలేదు, ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

ఇక నాకు బాగా నచ్చిన భాగం. మిగిలిన ఉన్నితో వెట్ ఫెల్టింగ్ చేద్దామనుకున్నాం. సన్నని పొరలు, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా, 20 సెంటీమీటర్ల చదరంలో పరిచాం. గోరువెచ్చని సబ్బునీళ్ళు చల్లి, పైన నైలాన్ వల వేసి అరచేత్తో మెల్లగా రుద్ది, తర్వాత బబుల్ ర్యాప్‌లో చుట్టి దొర్లించాం. ఆరాక కొలిస్తే 13 సెంటీమీటర్లే ఉంది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడికి, తడికి, సబ్బుకి అవి విచ్చుకుంటాయి, రుద్దుతుంటే ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. ఆ బిగింపు ఇంక విడిపోదు. ఎన్నో ఏళ్ళ కిందట నా స్వెటర్ ఒకటి వేడినీళ్ళలో ఉతికితే బొమ్మ చొక్కా అంత అయిపోయింది. ఎందుకయిందో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది.

అక్కడితో ఆగలేదు. నా అల్లిక బుట్టలోని నూళ్ళన్నీ ఒక్కొక్కటే పరీక్షించాం. పత్తినూలు సబ్బునీళ్ళలో ఎంత రుద్దినా కలవలేదు. అక్రిలిక్ అనే కృత్రిమ నూలు కూడా అంతే. కానీ అదే అక్రిలిక్‌ని పోగులుగా విడదీసి సూదితో పొడిస్తే అట్టకట్టింది! సబ్బునీళ్ళ పద్ధతికి పోగు మీద పొలుసులు ఉండాలి, సూది పద్ధతిలో పట్టుకునే పని సూది గాట్లే చేస్తాయి. ఈ తేడా మా అమ్మాయే పట్టేసింది.

ఒక ఆకుపచ్చ ఉన్నినూలు మాత్రం మమ్మల్ని రెండు రోజులు తిప్పలు పెట్టింది. పట్టకారుతో పట్టుకుని కొస కాల్చి చూశాను. వెంట్రుకలు కాలిన వాసన, నలిపితే పొడి అయ్యే బూడిద. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. కాబట్టి ఇది ఉన్నే, అనుమానం లేదు. కానీ ఎంత రుద్దినా అట్టకట్టదే! చివరికి లేబుల్ వెతికి చూస్తే సూపర్‌వాష్ అని ఉంది. వాషింగ్ మెషీన్‌లో ముడుచుకుపోకుండా ఉండటానికి పొలుసుల్ని రసాయనంతో అరగదీయడమో, పైన సన్నని పూత వేయడమో చేస్తారు, అదే సూపర్‌వాష్. ఫెల్టింగ్‌కి ఉన్ని కొనేవాళ్ళు ఈ మాట లేకుండా చూసి కొనండి.

అచ్చం డబ్బా మీది పిట్టే కావాలనుకునేవాళ్ళకి ఈ కిట్ టెన్షన్ పెడుతుంది. ఉన్నితో ఏమేం చేయొచ్చో చూద్దాం అనుకునేవాళ్ళకి మాత్రం ఇందులో సరుకు సరిపడా ఉంది, మూడు రంగులు ఇంకా సగం పైనే మిగిలాయి. మేం ఇప్పుడు 38 నంబరు సూదులు, ఏకిన తెల్ల ఉన్ని మాత్రం విడిగా తెప్పించాం. ఈసారి మా అమ్మాయి హంస చేస్తుందట.