హాలోవీన్ ఆహ్వాన పత్రికల కట్ట: బొమ్మలు మేలు, కథలు అంతంత మాత్రం

అమెరికాలో హాలోవీన్ విందు చేసుకునే తెలుగు కుటుంబాల కోసం, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఒక ఆహ్వాన పత్రికల కట్ట గురించి రాస్తున్నాను. ప్రతి పత్రికపై ఒక భూతం బొమ్మ, వెనుకవైపు దాని పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి.

వీటిలో బాన్షీ పత్రికకే నా ఓటు. ఐర్లండ్ జానపద విశ్వాసంలోని ఈ ఆడ భూతం ఎవరినీ చంపదు. కొన్ని పాత వంశాలలో మరణం సంభవించబోయే ముందు ఇంటి దాపున శోకాలు పెడుతుంది. చిత్రకారుడు కోరలూ గోళ్లూ తగిలించకుండా, తల దువ్వుకుంటున్న స్త్రీగానే ఆమెను చూపి, దువ్వెన పళ్లను వెండి రంగులో ఉబ్బెత్తుగా అచ్చొత్తించడం ముచ్చటగా ఉంది. అయితే, పుట్టినరోజు కూడా కలిసివచ్చిన విందుకు చావుకబురు తెచ్చే ఆవిడను పంపకపోవడమే మంచిది.

గుమ్మడి దీపం గురించి, ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారనీ, అమెరికాకు వలస వచ్చాక గుమ్మడికాయలు వాటి స్థానంలోకి వచ్చాయనీ సరిగానే రాశారు కానీ, సైతానును మోసగించి స్వర్గానికీ నరకానికీ కాకుండా పోయిన పిసినారి జాక్ కథను, ఈ దీపం వెనకున్న కథనే, వదిలేయడం పెద్ద లోటు.

రక్తపిశాచి పత్రిక మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. తూర్పు ఐరోపా పల్లె కథల్లో అది తరచు ఉబ్బి ఎర్రబారిన శవం. నాజూకైన దొర వేషం 19వ శతాబ్దపు సాహిత్యం తొడిగినది.

కాగితం దళసరిదే. నల్లటి అట్టపై మామూలు పెన్ను కనిపించదు కనుక తెల్ల జెల్ పెన్ను విడిగా కొనుక్కోవాలి.