పంటి ఇంప్లాంట్: గైడ్ మేలా, ఒట్టి చెయ్యి మేలా?

పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో దవడ పన్ను పోయినవారు ఇంప్లాంట్ (పోయిన పంటికి వేరుగా ఎముకలో దించే స్క్రూ) అనగానే శ్రీకాకుళం వెళ్దామా, బరంపురం వెళ్దామా అని తర్జనభర్జన పడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, స్క్రూ ఏ పద్ధతిలో దించుతారన్నది.

పద్ధతులు మూడు. దవడ ఎముకను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ చూసుకుని డాక్టరు చేత్తోనే డ్రిల్ చేయడం ఒకటి. రెండోదాంట్లో ఆ స్కాన్‌నీ, నోటి స్కానర్ తీసిన పళ్ల రూపాన్నీ కంప్యూటర్లో కలిపి ఇంప్లాంట్ చోటు, వాలు ముందే ఖాయం చేస్తారు. దాని ప్రకారం త్రీడీ ప్రింటర్‌లో రెజిన్ అనే ప్లాస్టిక్‌తో ముద్రించిన గైడ్‌ను పళ్లకు తొడిగి, దాని రంధ్రంలోంచి డ్రిల్ దించుతారు. మూడోది నావిగేషన్: డ్రిల్ ఎక్కడుందో కెమెరాలు కనిపెట్టి తెరమీద చూపిస్తాయి.

ఒకటే పన్ను పోయి, ఎముక దండిగా ఉండి, నరం దూరంగా ఉంటే, చెయ్యి తిరిగిన డాక్టరు దగ్గర మొదటిదే చాలు. స్కాన్ మాత్రం తప్పనిసరి. దవడ మొత్తాన్ని బల్లపరుపుగా చూపే ఓపీజీ ఎక్స్‌రేలో ఎముక వెడల్పు తెలియదు. పక్క పంటి వేరుకు 1.5, కింది దవడ నరానికి 2 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి.

వరసగా రెండు మూడు పళ్లు పోయినా, నరం దగ్గరైనా, నవ్వితే కనబడే ముందు పళ్లైనా గైడే మేలు. అయితే అదీ గురి తప్పనిదేం కాదు. అధ్యయనాల సగటు చూస్తే అనుకున్న చోటికీ దిగిన చోటికీ పైన 1.2, కొసన 1.4 మిల్లీమీటర్లు, వాలులో 3.5 డిగ్రీల తేడా వస్తోంది. గైడ్ ఉందన్న ధీమాతో నరానికి వదిలే ఆ 2 మిల్లీమీటర్లు తగ్గించకూడదు.

గైడ్ ఎక్కువగా చెడేది తయారీలోనే. నోట్లో లోహపు క్యాపులుంటే స్కాన్‌లో చారలు పడి, ఎముక స్కాన్ ఫైలూ, పళ్ల రూపం ఫైలూ సరిగా అతకవు. కొలతలు తీసుకున్నాక నెలల తరబడి ఆగితే పళ్లు కదిలి గైడ్ కూర్చోదు. అందుకే గైడ్‌కు చిన్న కిటికీలు పెట్టించి, అది పంటిని తాకుతోందో లేదో చూశాకే డ్రిల్ పట్టాలి. పళ్లే లేని చిగురుమీద గైడ్ జారుతుంది, పిన్నులతో బిగించాలి. ఇంకొకటి, గైడ్ అడ్డంవల్ల చల్లబరిచే నీళ్లు డ్రిల్ కొసకు సరిగా చేరవు. ఎముక 47 డిగ్రీల వద్ద నిమిషం కాగితే దెబ్బతింటుంది. డ్రిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ, మధ్యలో బయటికి తీసి నీళ్లు పట్టాలి.

గుట్కా, వక్క నమిలి నోరు బిగిసినవారికి చిక్కు వేరు. గైడ్‌కు పొడుగు డ్రిల్లు కావాలి, వెనక దవడ దగ్గర అది పట్టదు. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే ముందే చెప్పండి. ఇలాంటిచోటే నావిగేషన్‌కు నిజంగా పని ఉంది. మిగతావారికి దానికోసం దూరం పోనక్కరలేదు. (చుట్ట అడ్డపొగ తాగే అలవాటుంటే మాత్రం ఎముక అతకడంలో మూడు పద్ధతులకూ ఒకటే గండం.)

గైడ్ వల్ల తిరుగుడు పెద్దగా పెరగదు. స్కాన్‌కు ఒకసారి వెళ్తే ఫైళ్లు నెట్‌లో పోతాయి, గైడ్ కొరియర్‌లో డాక్టరుకు చేరుతుంది. స్కాన్ సెంటర్లో ఫిల్ముతో సరిపెట్టుకోకుండా డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. ఫిల్ముమీద ఎవరూ గైడ్ గీయలేరు.