కెగెల్ కాగితం పట్టుకుని ఏడు నెలలు పోగొట్టుకున్నాను

దగ్గితే, తుమ్మితే, బస్సు దిగేటప్పుడు కాలు గట్టిగా ఆనితే మూత్రం కారి చీర తడిసే బాధ ఎట్లా ఉంటుందో పడ్డవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాకు 43 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. డాక్టరమ్మ మూత్ర పరీక్ష, షుగర్, స్కానింగ్ చూసి ఇన్ఫెక్షన్ ఏమీ లేదని తేల్చాక పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రాన్ని ఆపి పట్టే కింది కండరాలకు, ఫిజియోథెరపీ రాసింది. ఇరవై నెలలైంది. ఇప్పుడు బాగానే ఉన్నాను కానీ మొదటి ఏడు నెలలు తలచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

హన్మకొండలో మొదట వెళ్ళిన సెంటర్లో పది సిట్టింగులు కరెంటు మిషన్ పెట్టారు. చివరి రోజు కెగెల్ వ్యాయామాలంటూ ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టారు. అవి ఆ కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు. పది లెక్కపెట్టే దాకా బిగించాలి, వదలాలి, రోజుకు వంద చేయాలి. అంతే. ఏ కండరం బిగిస్తున్నానో, అసలు బిగిస్తున్నానో లేదో ఎవరూ చూడలేదు. తర్వాత తెలిసింది, కెగెల్ డాక్టరు 1948లో ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు ఒత్తిడి కొలిచే పరికరం కూడా పెట్టి, పట్టు ఎంత వస్తోందో ఆడవాళ్ళకు చూపిస్తూ చేయించాడట. మన దగ్గరికి వచ్చేసరికి పరికరం పోయి పేరు మిగిలింది.

అయినా మొదట్లో గుణం కనిపించింది, అబద్ధం చెప్పను. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దగ్గర రెండు గంటలు వంగుతూ లేస్తూ చప్పట్లు కొట్టినా ప్యాడ్ కొంచెమే తడిసింది. సంబరపడి మా స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను. ఇద్దరు టీచర్లు నా కాగితం ఫోన్లో ఫోటో తీసుకున్నారు. సంక్రాంతి దాటాక కూర్చుంటే తోక ఎముక దగ్గర నొప్పి మొదలైంది. గంటకోసారి మూత్రం వచ్చినట్టుండేది. చలికాలం కదా అనుకున్నాను. ఇంకా గట్టిగా చేస్తే పోతుందనుకుని వందను నూట యాభై చేశాను.

మార్చిలో టెన్త్ పరీక్షల డ్యూటీ పడింది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా గది వదలొద్దు. పదకొండుకే ఆపుకోవడం మొదలుపెట్టాను. పేపర్లు అప్పజెప్పి పరుగెత్తుకుంటూ బాత్రూంకు పోయాను. పోయాక రాదు! పొత్తికడుపు రాయిలా ఉంది, చుక్క రాదు. నల్లా తిప్పి నీళ్ళ చప్పుడు విన్నాను, ముందుకు వంగాను. బయట ఇంకో మేడం తలుపు కొడుతోంది. ఐదారు నిమిషాలకు సన్నగా, ఆగి ఆగి వచ్చింది. కారుతోందని వైద్యం చేయించుకుంటే చివరికి రాకుండా పోయిందని ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఏప్రిల్‌లో ఇంకో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆమె ముందు అరగంట మాట్లాడింది. లోపల పరీక్ష ఎందుకు చేయాలో చెప్పి, వద్దంటే మానేస్తానంది. నేను సరే అన్నాక గ్లౌజు వేసుకుని ఒక్క వేలితో చూసింది. బిగించమంటే బిగించాను. వదలమంటే వదిలాను. "వదలండి మేడం," అంది మళ్ళీ. వదిలాననే అన్నాను. "లేదు, ఇంకా పట్టుకునే ఉన్నారు," అంది. నా ఒంట్లో ఒక భాగం నా మాట వినడం లేదని నాకే తెలియదు.

ఆలోచిస్తే ఆశ్చర్యమేం లేదు. పదహారేళ్ళుగా హన్మకొండ నుంచి పరకాల వైపు బస్సులో బడికి పోతున్నాను. బడిలో బాత్రూం సంగతి సరే సరి, పొద్దంతా బిగబట్టుకుని ఉండటమే అలవాటు. ఎక్కడైనా తప్పక పోతే కూర్చోకుండా సగం వంగి లేచేదాన్ని. అట్లా వంగి ఉంటే ఆ కండరాలు పూర్తిగా సడలవట. అసలే ముడుచుకుపోయిన వాటిని నేను రోజుకు నూట యాభై సార్లు ఇంకా ముడిచాను. ముడుచుకున్న కండరానికి దగ్గు వచ్చినప్పుడు బిగియడానికి జాగా ఎక్కడిది? అందుకే కారడమూ పోలేదు, రావడమూ ఆగింది.

ఆరు వారాలు బిగించడమే బంద్ అంది. వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి, ఊపిరి పీల్చినప్పుడు కింద విచ్చుకోనివ్వాలి. లిఫ్టు కిందికి దిగుతున్నట్టు ఊహించుకోమంది. నాకు పట్టలేదు. మా అవ్వ నడుముకు చెక్కుకునే వక్కల సంచి గుర్తొచ్చింది. రెండు తాళ్ళు లాగితే మూతి ముడుచుకుంటుంది, వేళ్ళు పెట్టి విప్పితే మెల్లగా తెరుచుకుంటుంది. అది తలచుకుంటే పది రోజులకు మొదటిసారి తేడా తెలిసింది. వెచ్చగా, బరువుగా, ఏదో కిందికి జారినట్టు. కారిపోతుందేమోనని భయపడి టక్కున మళ్ళీ బిగించాను!

బిగించడం తర్వాత మళ్ళీ మొదలైంది, కానీ వంద కాదు. పూటకు ఎనిమిది, మూడు పూటలు. బ్రిటన్ మార్గదర్శకాల్లో కూడా ఈ లెక్కే ఉంది, కనీసం మూడు నెలలు చేయమని. పట్టినంత సేపు వదలాలి. తుమ్ము వచ్చే ముందు క్షణం ఒక్క పట్టు పట్టడం నేర్పింది, అది బస్సులో బాగా అక్కరకొస్తోంది. బస్సెక్కే ముందు అవసరం లేకున్నా పోయొచ్చే అలవాటు మాన్పించింది. రెండో గ్లాసు చాయ్ మానడం మాత్రం నాతో కాలేదు.

పూర్తిగా నయమైందని అనను. జలుబు చేసి గట్టిగా దగ్గితే ఇప్పటికీ రెండు చుక్కలు. మా యారాలుకు కాన్పు తర్వాత మామూలు కెగెల్స్‌తోనే మూడు నెలల్లో తగ్గింది, ఆమెవి నిజంగానే వదులైన కండరాలు. నావి వేరు. కాబట్టి ఆ కాగితం అందరికీ చెడ్డదనలేను, నాకు చూడకుండా ఇవ్వడమే తప్పు. ఫోటో తీసుకున్న ఇద్దరు టీచర్లకూ ఫోన్ చేసి ముందు ఎవరికైనా చూపించుకోమన్నాను. ఒకామె వెళ్ళింది. రెండో ఆమె తనకు బాగానే ఉందంది.

ఈ మార్చిలో మళ్ళీ డ్యూటీ పడింది. పదకొండుకు చీఫ్‌ను అడిగి రిలీవర్‌ను పిలిపించుకున్నాను. రెండు నిమిషాల్లో వచ్చి మళ్ళీ గదిలో నిలబడ్డాను.