అర కిలో ఊలు ముక్కల సంచి: క్రోషే హుక్కు పట్టేవాళ్లకి ఓకే, నిట్టింగ్ సూదుల వాళ్లకి వద్దు

ఆన్‌లైన్‌లో ఒక చిన్న సెల్లర్ దగ్గర అర కిలో మిక్స్‌డ్ ఊలు సంచి 350 రూపాయలకి తెప్పించాను. ఎవరన్నది చెప్పను, ఇలాంటివి అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, ఎక్కడ కొన్నా కథ ఇంచుమించు ఇదే కాబట్టి చదవండి. ఫొటోలో అన్నీ ముద్దుగా చుట్టిన రంగురంగుల ఉండలు. సంచి విప్పితే అలాంటివి మూడో వంతు ఉన్నాయేమో, మిగతాదంతా మెషీన్ దారం చుట్టే కోన్‌ల అడుగున మిగిలిపోయిన సన్న దారం.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఈ కోన్ దారం దగ్గరే. లూధియానా వైపు స్వెటర్లు మెషీన్ల మీద అల్లేటప్పుడు 2/32 అనే సన్న యాక్రిలిక్ (సింథటిక్ దారం) బాగా వాడతారు. అది 100 గ్రాములకి దాదాపు 1600 మీటర్లు వస్తుంది, మనం చేత్తో అల్లే డీకే మందం (మరీ సన్నం కాదు, మరీ లావూ కాదు) ఊలయితే అదే బరువుకి సుమారు 300 మీటర్లు. అంటే ఐదు పోగులు కలిపి పట్టుకుంటే గానీ డీకే అవ్వదు! తూకంలో మోసం లేదు, వంటింటి స్కేల్ మీద పెట్టి చూశాను, ఐదారు గ్రాములు తక్కువ, దానికి గొడవెందుకు. కానీ ఒక్కో రంగులో ఐదు పోగులకి సరిపడా దారం లేనప్పుడు తూకం సరిగ్గా ఉండి ఏం లాభం?

అయితే తిట్టుకుంటూనే బూడిద రంగు రెండు పోగులు, ఆవపిండి పసుపు రెండు, నీలం ఒకటి కలిపి అల్లి చూశాను, చుక్కలు చుక్కలుగా ఏ షాపులోనూ దొరకని రంగు వచ్చింది. ఈ సంచిలో నాకు నిజంగా నచ్చింది ఇదే. హుక్కు మాత్రం కాస్త పెద్దది, తల గుండ్రంగా ఉన్నది తీసుకోండి, లేకపోతే ప్రతి కుట్టులో ఒక పోగు జారిపోయి ప్రాణం తీస్తుంది.

లేబుల్ అన్నది ఒక్కదానికీ లేదు, ఏది ఊలో ఏది యాక్రిలిక్కో మనమే తేల్చుకోవాలి. చిన్న ముక్క తుంచి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని కాల్చి చూడండి. కరిగి గట్టి పూసలా అయితే యాక్రిలిక్, వెంట్రుకలు కాలిన వాసన వచ్చి నలిపితే పొడి అయితే అసలు ఊలు, కాగితం కాలిన వాసన వస్తే కాటన్. నా సంచిలో చాలావరకు యాక్రిలిక్, ఒక మెరూన్ ఉండ మాత్రం అచ్చమైన ఊలు. ఇదంతా చాదస్తం కాదు, ఊలునీ యాక్రిలిక్‌నీ ఒకే దుప్పట్లో కలిపి వేడినీళ్లలో ఉతికారనుకోండి, ఊలు గడులు ముడుచుకుపోతాయి, పక్కవి అలాగే ఉంటాయి, దుప్పటి గుడారం అవుతుంది. కాటన్ ముక్కలు గిన్నెలు దించే గుడ్డలకి దాచుకోండి, ఆ పనికి యాక్రిలిక్ అసలు వాడొద్దు, వేడికి కరుగుతుంది.

క్రోషేకి ఈ సంచి బాగానే కుదురుతుంది. డీకే మందంలో నాలుగు వరసల గ్రానీ స్క్వేర్‌కి (మధ్య నుంచి బయటికి అల్లే చతురస్రం) సుమారు పది గ్రాములు చాలు, గోలీ అంత మిగిలినా మధ్య వరసకి వస్తుంది. అతకడానికీ అంచుకీ మాత్రం క్రీమో బూడిదో ఒకే రంగు కొత్త ఉండలు విడిగా కొనండి, అప్పుడే ఎన్ని పిచ్చి రంగులున్నా కావాలని వేసినట్టు కనిపిస్తుంది. ఈ అతికే పనిని తక్కువ అంచనా వేయకండి. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ముద్ర) వచ్చిన మన నరసాపురం లేసులో కూడా ముక్కలు అల్లేవాళ్లు వేరు, అతుకుపని వాళ్లు వేరు, చతురస్రాలు కలపడం మొదలుపెట్టాక ఎందుకో మీకే తెలుస్తుంది.

నిట్టింగ్ వాళ్లకి మాత్రం చెప్పను. ఒక వరస అల్లడానికి వెడల్పుకి మూడింతలకి పైగానే దారం పడుతుంది, ఈ ముక్కలతో వరస మధ్యలోనే అయిపోయి ముడుల మీద ముడులు. చారల మఫ్లర్ చేసి తీరాలంటే ఒక చిట్కా: రెండు వరసలకి సరిపోతుందా అని అనుమానం వస్తే మిగిలిన దారాన్ని సగానికి మడిచి మధ్యలో వదులు ముడి వేయండి, ఒక వరస పూర్తవకముందే ముడి వచ్చేసిందంటే రెండో వరసకి చాలదు, ఆ వరస చివర్లోనే రంగు మార్చేయండి. అసలు ఊలు అయితే రెండు కొసలూ తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుంటాయి, యాక్రిలిక్‌తో ఎంత రుద్దినా చేతులు మంటే.

ముదురు ఎరుపు కాటన్ ఒకటి రంగు వదిలింది. తెల్లవాటితో కలిపే ముందు తడి గుడ్డ మీద రుద్ది చూడండి.

మొత్తానికి ఐదుకి మూడు. ఓపిక ఉండి, ఇంట్లో ఇప్పటికే నాలుగు ఉండలు ఉన్నవాళ్లు కొనొచ్చు, మొదటిసారి హుక్కు పట్టేవాళ్లు మాత్రం అదే డబ్బుతో ఒకే మందం ఉండలు రెండు మూడు కొనుక్కోండి. కోన్ దారం తీసేసి ఇస్తారా అని సెల్లర్‌ని అడిగాను, ఇస్తాం గానీ వంద రూపాయలు ఎక్కువవుతుంది అన్నారు. ఆ వంద పెట్టేయండి.