డిక్సన్ సీక్వెన్స్: ఇన్నాళ్లు వాడాక

మెడ, భుజం, చీలమండ. ఎంఆర్‌ఐలో ఫ్యాట్ శాట్‌తో, అంటే కొవ్వు సిగ్నల్‌ను అణచి తీసే పద్ధతిలో, ఈ కేసులు తీయాలంటే నాకు టెన్షనే. కొవ్వు ఒకవైపు చక్కగా నల్లబడుతుంది, గడ్డం కింద మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం) ఎంత చేసినా అంతే. కొవ్వును, నీటిని విడదీసి చూపే డిక్సన్‌కు మారాక ఆ బాధ దాదాపు తీరింది. 1.5 టెస్లా యంత్రంలో కొవ్వు, నీటి సిగ్నళ్ల ఫ్రీక్వెన్సీల మధ్య తేడా సుమారు 220 హెర్ట్జే. అయస్కాంత క్షేత్రం కాస్త అటూ ఇటూ అయితే చాలు, ఫ్యాట్ శాట్ గురి తప్పుతుంది. డిక్సన్ దేన్నీ అణచదు. రెండు సిగ్నళ్లూ కలిసి నడిచేటప్పుడు ఒకసారి, ఎదురు తిరిగినప్పుడు ఒకసారి తీసుకుంటుంది. ఆ రెంటినీ కూడితే నీరు, ఒకదాన్లోంచి ఇంకొకటి తీసేస్తే కొవ్వు. 1984లో డిక్సన్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇంతే. క్షేత్రం తేడాలను సరిదిద్దే లెక్కలు తర్వాత వచ్చాయి.

ఆ లెక్కల దగ్గరే ఒకసారి దెబ్బ తగిలింది. రెండు పాదాలూ ఒకే కాయిల్‌లో (సిగ్నల్ అందుకునే పరికరం) పెట్టి టీ2 డిక్సన్ తీశాం. నీరు తెల్లగా, కొవ్వు నల్లగా ఉండాల్సిన వాటర్ ఇమేజ్‌లో కుడి పాదం బ్రహ్మాండంగా ఉంది. ఎడమ పాదంలో మాత్రం మడమ ఎముక మొత్తం తెల్లగా వెలిగిపోతోంది. "సార్, మజ్జంతా వాపేనా?" అన్నాడు పక్కనున్న కుర్రాడు. కానీ చర్మం కింది కొవ్వూ తెల్లగానే ఉంది, కీలులో నీరేమో నల్లగా ఉంది! ఫ్యాట్ ఇమేజ్ తెరిస్తే ఆ నీరు అక్కడ మెరుస్తోంది. ఎడమ పాదం వరకు రెండూ తారుమారయ్యాయన్నమాట. ఏది కొవ్వో, ఏది నీరో సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెల్‌ను చూసి తేల్చుకుంటుంది. పాదాల మధ్య ఉన్నది గాలి, సిగ్నల్ లేదు. వరుస అక్కడ తెగి, అవతలి పాదానికి తప్పు జవాబు పట్టుకుంది. మళ్లీ స్కాన్ చేయాల్సిన పని పడలేదు. డాక్టర్‌గారు ఎడమ పాదాన్ని ఫ్యాట్ సిరీస్‌లోనే చదివారు.

పాదం మొత్తం తిరగబడితే ఎవరైనా పట్టేస్తారు. నా భయం కాలేయం పైభాగంలో, ఊపిరితిత్తుల అంచున చిన్న ముక్క తిరగబడటం గురించి. అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. ఫ్యాట్ శాట్ చెడితే చెడినట్టు తెలుస్తుంది, డిక్సన్ చెడినా శుభ్రంగానే ఉంటుంది. అందుకే ఫ్యాట్ సిరీస్‌ను, రెండు సిగ్నళ్లూ కలిసి నడిచేటప్పటి ఇన్‌ఫేజ్ సిరీస్‌ను పంపకుండా కేసు మూయను. ఇన్‌ఫేజ్‌లో విడదీసే లెక్కే లేదు కాబట్టి ఈ తారుమారు దానికి అంటదు.

లోహం ఉన్నచోట ఇప్పటికీ స్టిర్‌కే (కొవ్వును అణచే మరో సీక్వెన్స్) వెళ్తాను, కాంట్రాస్ట్ మందు ఇచ్చాక అదీ కుదరదనుకోండి. నాకు వచ్చేవి ఎక్కువగా మెడ, చీలమండ కేసులు కాబట్టి డిక్సన్‌తో హాయిగా ఉన్నాను. మీకు ప్లేట్లు, స్క్రూలు వేసిన మోకాళ్లే ఎక్కువైతే మాత్రం నా మాట మీద సీక్వెన్స్ మార్చేయకండి.