చెల్కా వరీ ఒకే బూడిద రంగుగా మారకూడదంటే: నలుపు-తెలుపు మార్పిడికి ఏ పద్ధతి మేలు?

దేవరకొండ కోట గుట్ట మీది నుంచి వానకాలం చివర తీసిన ఒక ఫోటోను ముందు పెట్టుకొని ఈ పోలిక రాస్తున్నాను. అందులో ముందు భాగాన కోట గోడ రాళ్లు, వాటి వెనుక నున్నని గ్రానైటు బండలు, కింద ఎర్ర చెల్క (ఎర్రమట్టి మెట్ట పొలం), చెల్కను ఆనుకొని చెరువు కింది వరి, ఆపైన తెల్లని మబ్బులు విడివిడిగా తేలుతున్న నీలాకాశం ఉన్నాయి. రంగుల్లో చూసినప్పుడు కన్ను ఎక్కడా తడబడదు. దాన్నే కంప్యూటర్లో ఒక్క మీటతో నలుపు-తెలుపుగా మార్చగానే చెల్కకూ వరికీ మధ్యనున్న హద్దు చెరిగిపోయి, రెండూ కలిసి ఒకే బూడిద మైదానంగా మిగిలాయి. ఎరుపు, ఆకుపచ్చ, బూడిదరంగు బండ కలగలిసిన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల దృశ్యాలు తీసేవారికి ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది.

కారణం లెక్కలోనే ఉంది. డిజిటల్ ఫోటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల విలువలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. ఆ ఫోటోలో చెల్క మీద ఒక చుక్కను కొలిస్తే ఎరుపు 170, ఆకుపచ్చ 100, నీలం 65 వచ్చాయి. వరి మీద కొలిస్తే 100, 140, 80 వచ్చాయి. ఫోటోషాప్‌లోని డీశాచురేట్ (రంగు తీసేసే) ఆజ్ఞ మూడు విలువల్లో అతి పెద్దదాన్నీ అతి చిన్నదాన్నీ కూడి సగం చేస్తుంది కనుక చెల్క 118 దగ్గర, వరి 110 దగ్గర ఆగుతాయి. మూడింటి సగటు తీసుకుంటే 112, 107 అవుతాయి. మనిషి కంటి స్పందనను అనుసరించి ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున బరువులిచ్చే పద్ధతిలో సైతం 117, 121 మాత్రమే వస్తాయి. 0 నుంచి 255 దాకా ఉన్న మెట్లలో నాలుగైదు మెట్ల తేడాను, చివరికి ఎనిమిది మెట్ల తేడాను కూడా, విశాలమైన దృశ్యంలో కన్ను పట్టించుకోదు. గింప్ అనే ఉచిత ఫోటో ప్రోగ్రాంలో డీశాచురేట్ కింద ఈ పద్ధతులన్నీ వేర్వేరు పేర్లతో ఉంటాయి. ఏది ఎంచుకున్నా మన చెల్కకూ వరికీ ఒరిగేది పెద్దగా ఉండదు. అందుచేత ఒక్క మీట పద్ధతిని ఈ పోటీలోంచి ముందే తప్పిస్తున్నాను.

ఇక కెమెరాలోనే మోనోక్రోమ్ (నలుపు-తెలుపు) అమరిక పెట్టి తీయడం సంగతి. చాలా కెమెరాల్లో ఆ అమరిక కింద పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ ఫిల్టర్ల ప్రభావాన్ని ఎంచుకునే వీలుంది. తెరమీద దృశ్యం నలుపు-తెలుపులోనే కనిపించడం వల్ల వెలుగునీడల మీద దృష్టి నిలుస్తుంది, రంగు చూసి మోసపోవడం తగ్గుతుంది. నేర్చుకునేవారికి ఇంతకు మించిన అభ్యాసం నాకు కనిపించలేదు. కానీ జేపెగ్‌గా (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైల్‌గా) మాత్రమే భద్రపరిస్తే రంగుల సమాచారం శాశ్వతంగా పోతుంది, ఒక్కో ఛానెల్‌కు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్లో ఒక్కోదానికి) మిగిలేది 256 మెట్లే. అదే 14 బిట్ల రా (సెన్సర్ పట్టిన సమాచారాన్ని అలాగే ఉంచే) ఫైల్‌లో 16,384 మెట్లు ఉంటాయి. రా, మోనోక్రోమ్ రెండూ కలిపి పెట్టుకుంటే తెరమీద నలుపు-తెలుపు, ఫైల్‌లో పూర్తి రంగులు దక్కుతాయి కనుక, గుట్ట ఎక్కేముందే ఈ జోడింపు చేసుకొమ్మని నా సలహా.

అసలు పోటీ ఛానెల్ మిక్సర్‌కూ, ఒక్కో రంగుకు ఒక్కో స్లైడర్ (అటూ ఇటూ జరిపే మీట) ఉండే నలుపు-తెలుపు మిక్స్‌కూ మధ్యనే. ఛానెల్ మిక్సర్ మూడు ఛానెళ్లను మనం చెప్పిన పాళ్లలో కలుపుతుంది. పాళ్ల మొత్తం 100 ఉన్నంతవరకు మబ్బులు, బండల వంటి రంగులేని భాగాల వెలుగు దాదాపుగా మారదు. నా ఫోటోలో ఆకాశం 110, 150, 200గా ఉంది. ఎరుపు ఛానెల్‌నే పూర్తిగా తీసుకుంటే చెల్క 170కి పెరిగి వెలుగుతుంది గానీ, వరి 100 వద్ద, ఆకాశం 110 వద్ద నిలిచి, దూరపు పొలాలు ఆకాశాన్ని తాకేచోట రెండూ కలిసిపోతాయి. ఆకుపచ్చ ఛానెల్ తీసుకుంటే 140, 150తో మళ్లీ అదే కలయిక. ఎరుపును 140కి పెంచి నీలాన్ని మైనస్ 40 చేస్తే మాత్రం చెల్క 212, వరి 108, ఆకాశం 74 వచ్చి మూడూ చక్కగా విడిపోతాయి. అంకెల వరకు ఇది ముచ్చటైన ఫలితమే. అయితే నీలాన్ని తీసివేసే ఈ కూడిక-తీసివేతలో నాయిస్ (గరుకు చుక్కలు) పెరిగి, నున్నని ఆకాశంలో ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది, ఎండ తగిలిన చెల్క గట్లు తెల్లగా కాలిపోతాయి.

లైట్‌రూమ్ అనే ఫోటో సవరణ ప్రోగ్రాంలోని నలుపు-తెలుపు మిక్స్‌లో ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, ఆక్వా, నీలం, ఊదా, మజెంటా అనే ఎనిమిది స్లైడర్లు ఉన్నాయి. ఫోటోషాప్‌లోని నలుపు-తెలుపు లేయర్‌లో ఆరు ఉన్నాయి. ఇక్కడ చెల్కను కదిలించడానికి నారింజను, కొద్దిగా ఎరుపును జరిపితే చాలు, ఆకాశం తన చోట తాను ఉంటుంది. ఈ స్వేచ్ఛే దీని బలం. వరినీ చెట్లనూ కదిలించేటప్పుడు కొత్తవారు ఆకుపచ్చ స్లైడర్‌ను మాత్రమే పట్టుకొని, ఫలితం సరిపోక నిరాశపడతారు. ఎండ సోకిన ఆకుల రంగులో సగభాగం పసుపు స్లైడర్ పరిధిలోకి వస్తుందని గుర్తుంచుకొని రెండింటినీ కలిపి జరపాలి. చెల్క వెలగాలా, వరి వెలగాలా అన్నది మాత్రం ఏ స్లైడరూ చెప్పదు. నేను చెల్కను వెలిగించి వరిని అణిచాను, ఎందుకంటే ఆ మధ్యాహ్నం ఎండ వేడిమి అంతా ఎర్రనేల మీదే కనిపించింది, వరి మడుల్లో నీటి చల్లదనం ఉంది.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. నీలం స్లైడర్‌ను మరీ కిందికి లాగితే గుట్ట అంచు వెంట సన్నని తెల్లటి గీత పుడుతుంది, ఆకాశంలో మెట్లుమెట్లుగా పట్టీలు కనిపిస్తాయి, అప్పటిదాకా దాక్కున్న సెన్సర్ దుమ్ము మచ్చలు బయటపడతాయి. జేపెగ్ నుంచి పనిచేస్తే ఈ దోషాలన్నీ రెట్టింపుగా అనిపిస్తాయి. నా అనుభవంలో మైనస్ 30 నుంచి 40 దాటితే అంచుల్ని పెద్దదిగా చేసి చూడకుండా ముందుకు వెళ్లకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఆకాశం నీలంగా ఉండదు, తెల్లగా ఉంటుంది. అప్పుడు ఈ స్లైడర్‌కు పట్టు దొరకదు కాబట్టి, ఆకాశాన్ని ఫ్రేములో తగ్గించి బండలకే చోటివ్వడం మేలు.

ఆకాశాన్ని ఎంత నల్లగా చేయాలన్న ప్రశ్నకు 1927లో అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అక్కడి యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ శిఖరాన్ని తీసిన విధానాన్ని చాలామంది ఉదాహరిస్తారు. పసుపు ఫిల్టర్‌తో ఒక ప్లేటు (ఫిల్ముకు బదులు వాడే గాజు పలక) తీసి, అది తన మనసులోని దృశ్యానికి చాలదనుకొని, ముదురు ఎరుపు ఫిల్టర్‌తో మరొకటి తీయగా ఆకాశం దాదాపు నల్లబడింది. ఎత్తైన కొండల్లోని తేటగాలికి ఆ నలుపు నప్పింది. మన గుట్టల మీద తేమతో, దుమ్ముతో కూడిన గాలి ఉంటుంది. దిగంతాన పలచని తెరలా కనిపించే ఆ మసకను చంపేస్తే అది దేవరకొండ కాకుండా పోతుందని నా నమ్మకం. అందుకే మబ్బు విడిపడేంత ముదురు చాలు.

ప్రతి ఫోటోకూ ఇంత శ్రమ అక్కర్లేదు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి కింద నిలబడి ఊడల మధ్య తీసిన ఫోటోలో ఆకు, బెరడు, నీడ తప్ప రంగుల వైరుధ్యం పెద్దగా ఉండదు. అక్కడ మామూలు మార్పిడి చేసి, ఊడల మీద పడే వెలుగును కొంచెం పెంచి, నీడలను కొంచెం దించితే పని పూర్తవుతుంది. తొలకరికి తడిసిన చెల్కను, దాని మీద మొలిచిన పచ్చిక మొలకలను తీసిన ఫోటోను నేనైతే అసలు మార్చను. ఆ ఎరుపే ఆ చిత్రానికి ప్రాణం.

పనుల వరుసలో ముందు రంగుల్లోనే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల సర్దుబాటు), ఎక్స్‌పోజర్, దుమ్ము మచ్చలు సరిచేసుకొని, ఆ తర్వాత మార్పిడి చేసి, కాంట్రాస్ట్‌ను చివరికి ఉంచడం మంచిది. వైట్ బ్యాలెన్స్ జరిగితే చెల్క నారింజ పరిధి నుంచి పసుపు వైపు జారుతుంది కనుక, స్లైడర్లను అమర్చిన తర్వాత దాన్ని ముట్టుకుంటే లెక్కంతా మళ్లీ మొదటికి వస్తుంది.

దేవరకొండ ఫోటోకు చివరికి నారింజ ప్లస్ 35, ఎరుపు ప్లస్ 10, ఆకుపచ్చ మైనస్ 25, పసుపు మైనస్ 10, నీలం మైనస్ 28 దగ్గర ఆగాను. బండలు దాదాపు రంగులేనివి గనుక స్లైడర్లకు అంతగా లొంగలేదు. వాటి మీది పగుళ్లను, గోడ రాళ్ల అంచులను బ్రష్‌తో విడిగా వెలిగించాల్సి వచ్చింది, దానికే అన్నింటికన్నా ఎక్కువ సమయం పట్టింది. అచ్చు వేయించినప్పుడు కలర్ ల్యాబులో రంగు కాగితం మీద వచ్చిన ప్రతిలో నీడలు కాస్త ఆకుపచ్చగా తిరిగాయి. ఇంక్‌జెట్‌తో మ్యాట్ కాగితం మీద వేయించిన రెండో ప్రతిలో నలుపు అంత లోతుగా లేకపోయినా బూడిద ఛాయలు శుద్ధంగా నిలిచాయి, చెల్కకూ వరికీ మధ్య గట్టు స్పష్టంగా కనిపించింది. గోడకు తగిలించింది ఆ రెండో ప్రతినే.