విశాఖ ఉప్పుగాలిలో ఇంటి తలుపులన్నీ మార్చాం: ఎనిమిదేళ్ళు వాడాక ఏది నిలిచింది, ఏది నిలవలేదు

మాది ఎం.వి.పి. కాలనీలో 1993లో కట్టిన ఇల్లు. సముద్రానికి నడిచి వెళ్ళిపోవచ్చు, అంటే గాలి ఎప్పుడూ ఉప్పగానే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలాయి గానీ తలుపులు ఒక్కటీ ఊడలేదు. కాకపోతే ఆ రోజంతా గుమ్మాల కింద నుంచి లోపలికి కొట్టిన వాన నీళ్ళు తర్వాత మెల్లగా పని చేశాయి. ఒక్కో తలుపూ ఉబ్బడం, పొరలు విడవడం, గడియ పడకపోవడం మొదలై, 2017లో ఇక లాభం లేదని అన్నీ మార్చేశాం: వీధి తలుపు, పడకగదులవి, బాత్రూములవి, డాబా మీద మెట్లగదిది. ఒక్కో చోట ఒక్కో రకం వేశాం, అందుకే ఇప్పుడు పోల్చి చెప్పగలుగుతున్నాను.

కొత్త తలుపు గురించి ఎవరైనా మంచిగానే చెప్తారు, ఎందుకంటే కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి. నాలుగు వానాకాలాలు గడిచాక చూడాలి. ఇన్నేళ్ళు వాడాక నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటే: తలుపు ఎప్పుడూ ముఖం దగ్గర పాడవదు. కింది అంచు దగ్గర, ద్వారబంధం కాళ్ళ దగ్గర, బందుల దగ్గర పాడవుతుంది. మనం మాత్రం డబ్బంతా ముఖానికే పెడతాం, చెక్కుడుకీ నెమళ్ళకీ గణపతికీ.

వీధి గుమ్మం సంగతి చూడండి. పాతది టేకు ద్వారబంధమే. పైకి చూస్తే పాలిష్ నిగనిగలాడుతోంది, ఎవరూ మార్చమని చెప్పరు. మా వడ్రంగి గారు వచ్చి ముందు తలుపు చూడలేదు, నేల మీద కూర్చుని స్క్రూడ్రైవరుతో ద్వారబంధం కాలు అడుగున గుచ్చి చూశారు. సగం దాకా దిగిపోయింది, లోపలి కర్ర నానిన అట్టముక్కలా ఊడొచ్చింది. జానెడు ఎత్తు వరకూ అంతే, దానికి పైన గుచ్చితే ఇనుము తగిలినట్టు చప్పుడు. కారణం ఆయన చెప్పక్కర్లేదు, మా అందరికీ తెలుసు. శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాసి బొట్లు పెడతాం కదా, ఆ నీళ్ళు గడపకీ కాలికీ మధ్య సందులోకి దిగి అక్కడే ఉండిపోతాయి, ఆరవు. కర్ర అడ్డంగా తాగే నీళ్ళ కంటే కోసిన కొసలోంచి తాగే నీళ్ళు చాలా ఎక్కువ. ద్వారబంధం కాలు నిలబడేది సరిగ్గా ఆ కొస మీదే.

అమ్మ ఒకటే మాట, "ఒరేయ్, ఏమైనా చేయించుకో, గడప మాత్రం కదపకండిరా." నేను కూడా కదపకూడదనే అనుకున్నాను, అయితే నా లెక్క వేరు. పాత ద్వారబంధం తీయాలంటే బంధాన్ని పట్టి ఉంచడానికి గోడలో పాతుకుపోయిన ఇనప హోల్డ్‌ఫాస్టులు పగలగొట్టాలి, ప్లాస్టరింగు, టైల్సు, రంగు, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. పైన చేవ ఉన్న కర్ర గట్టిగా ఉన్నప్పుడు అంత కూల్చడం దేనికి? వడ్రంగి గారు కుళ్ళిన ముక్కను ఏటవాలుగా కోసేసి, అదే కొలతకు కొత్త టేకు ముక్క ఏటవాలుగానే చెక్కి, ఎపాక్సీ జిగురు పెట్టి, కర్ర మేకులు దిగ్గొట్టి అతికారు. కొత్త ముక్క అడుగు కొసకు రెండుమూడు పూతలు ఎపాక్సీ పట్టించి, గోడ వైపు తారు రంగు పూసి, ఆ సందులో చెదల మందు కొట్టించాకే పెట్టారు. ఇన్నేళ్ళకీ ఆ అతుకు దగ్గర గోరు దిగలేదు. గడప ఇప్పటికీ పాతదే. అమ్మ ఇప్పటికీ కడుగుతుంది, కాకపోతే కడిగాక పొడిగుడ్డతో మూలలు ఒత్తి తుడుస్తాం. మీ ఇంట్లో టేకు ద్వారబంధం ఉంటే, మొత్తం పీకేద్దాం అనే మేస్త్రీ మాట వినే ముందు స్క్రూడ్రైవరుతో ఒకసారి గుచ్చి చూసుకోండి.

తలుపు రెక్క మాత్రం కొత్తది చేయించాం, టేకుతోనే. కలప అడితిలో ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు కాబట్టి వెళ్ళే ముందు ఇంట్లోనే లెక్క వేసుకోండి. 7 అడుగుల ఎత్తు, 3.5 అడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం అంటే సుమారు 3 ఘనపుటడుగులు, కోతలో చిత్రికలో పోయేదానితో కలిపి 4 అనుకోవచ్చు. ద్వారబంధం కూడా కొత్తది కావాలంటే గడపతో కలిపి 22 అడుగుల పొడవు కర్ర, 5 అంగుళాలు 3 అంగుళాల కొలతలో అయితే ఇంకో 2.3. ఆ రోజు రేటుతో గుణించుకుంటే, రెడీమేడ్ షోరూములో చెప్పే ధరలో కర్ర ఎంత, చెక్కుడు ఎంత అన్నది మీకే తెలుస్తుంది. కర్ర ఎంచుకునేటప్పుడు రంగు చూసి మోసపోకండి, నూనె రాస్తే ఏదైనా టేకు రంగులోకి వస్తుంది. కోసిన కొస చూడండి, అంచున తెల్లగా ఉన్న భాగం ఎంత ఉందో చూడండి. టేకుకి చెదలు పట్టవని అనేది లోపలి చేవకి మాత్రమే, ఆ తెల్లకర్రకి పడతాయి. పచ్చికర్ర అయితే ఎంత గొప్ప టేకైనా ఇంటికొచ్చాక మెలి తిరుగుతుంది. మాకు కర్ర కోయించి నెలకు పైగా నీడలో పేర్చి, మధ్యమధ్య పలకలు పెట్టి ఆరనిచ్చాకే పని మొదలుపెట్టారు. ఆ ఆలస్యం విసుగనిపించింది కానీ తలుపు ఇవాళ్టికీ తిన్నగా ఉందంటే దానివల్లే.

పాలిష్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. పెయింటరు మెలమైన్ వేశాడు, మొదటి ఆర్నెల్లూ అద్దంలా ఉంది, మాది తూర్పు గుమ్మం, పొద్దున్నే ఎండ నేరుగా పడుతుంది, రెండో వేసవికల్లా కింది సగం పసుపు తిరిగి చిన్న చిన్న పొట్టులుగా లేచిపోయింది. మెలమైన్ లోపలి చెక్కకి బాగుంటుంది, ఎండకి కాదు. మొత్తం గీకించి, బయటి వాడకానికి చేసిన పీయూ (పాలీయురిథేన్) పాలిష్ వేయించాం. అది నిలిచింది, అయినా నాలుగైదేళ్ళకోసారి పలచగా ఇంకో పూత తప్పదు.

ఇక కింది అంచు. తలుపు బిగించే రోజు నేను పట్టుబట్టింది ఇదొక్కటే. కింద, పైన, బందులు కూర్చునే గాడిలో కూడా పాలిష్ పట్టించాకే బిగించాలని. "కింద అంచు ఎవరు చూస్తారు బాబూ" అన్నాడు పెయింటరు. మనుషులు చూడరు కానీ నీళ్ళు చూస్తాయి. తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడిచిన ప్రతిసారీ ఆ అంచు తడుస్తుంది, పూత లేని కర్ర తాగుతుంది, వానాకాలంలో తలుపు బిగుసుకుపోతుంది, అప్పుడు చిత్రిక పట్టించి సన్నం చేయిస్తాం, వేసవిలో మళ్ళీ ఎండి సందు పడుతుంది. ఏడాదికేడాది ఇదే తంతు. తలుపుకీ బంధానికీ మధ్య సందు కూడా చూసుకోండి. మా వడ్రంగి గారు రెండు రూపాయి బిళ్ళలు కలిపి చుట్టూ దూరేలా పెట్టారు, అది సుమారు 3 మిల్లీమీటర్లు. వేసవిలో బిగుతుగా కుదిరితే మురిసిపోవద్దు, ఆగస్టులో ఆ తలుపు తెరుచుకోదు.

పడకగదులకు ఫ్లష్ డోర్లు (చెక్క చట్రానికి రెండు వైపులా ప్లైవుడ్ పొరలు అతికించిన నున్నటి తలుపులు), 32 మిల్లీమీటర్ల మందం, రెండు వైపులా లామినేట్. పెట్టిన డబ్బుకు వీటిని మించినవి లేవని నా అభిప్రాయం. పాతవీ ఫ్లష్ డోర్లే అయినా జిగురు నాసిరకం, నీళ్ళు తగిలి పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. ఈసారి ఐఎస్ 2202 (ఫ్లష్ డోర్లకు ఉన్న భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్నవే తీసుకున్నాం. ఆ ప్రమాణం కింద చేసే పరీక్షల్లో తలుపు కింది కొసను నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి పొర విడుతుందా అని చూసేది కూడా ఒకటుంది, మన ఇళ్ళలో జరిగేది కూడా అదే కాబట్టి ఆ గుర్తుకి విలువుంది. బిగించేవాళ్ళతో మూడు విషయాలు ముందే మాట్లాడుకోండి. లామినేట్ రెండు వైపులా ఒకే మందం వేయాలి, డబ్బు కలిసొస్తుందని ఒక వైపు లామినేట్, రెండో వైపు రంగు వేస్తే తలుపు విల్లు వంగుతుంది, మా పక్కవాళ్ళది అలాగే వంగింది. నాలుగు అంచులకూ టేకు పట్టీ వేయించండి. కొలత ముందే సరిగా ఇచ్చి ఆ సైజులోనే తెప్పించండి, పెద్దది కొని అంచులు కోసుకుంటూ పోతే లోపలి చట్రం సన్నబడి స్క్రూ పట్టడానికి కర్రే మిగలదు.

ఒక గదిలో బంధం చుట్టూ వేసిన బీడింగు (సన్న చెక్క పట్టీ) వేరే రకం కర్ర. మూడో ఏడు అనుకుంటా, పొద్దున్న ఊడ్చిన చోట సాయంత్రానికి మళ్ళీ సన్నటి తెల్లపొడి, చిటికెడు. పైన చూస్తే గుండుసూది మొనంత రంధ్రాలు. చెదలు అనుకుని మందు వాళ్ళని పిలిస్తే, మట్టి దారులు లేవు కాబట్టి ఇది చెదలు కాదు, పుప్పి పురుగు అన్నారు. బీడింగు పీకి పారేసి టేకుది వేయించాం, తలుపు దాకా పోలేదు. తలుపు మంచిది కొని బీడింగు దగ్గర చవకకు పోనివ్వకండి.

బాత్రూములకు తలుపూ బంధమూ రెండూ డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసినది. నీళ్ళ విషయంలో దీనికి తిరుగులేదు. ఇన్నేళ్ళలో ఉబ్బలేదు, కుళ్ళలేదు, చెదలు వైపే చూడలేదు. పాత పీవీసీ తలుపు తోస్తే చప్పుడు చేస్తూ ఊగేది, ఇది బరువుగా, మంచి తలుపులానే ఉంటుంది. ఇబ్బంది అంతా స్క్రూల దగ్గరే. కర్ర పట్టినంత గట్టిగా ఇది స్క్రూని పట్టదు. మా మొదటి బాత్రూములో మామూలు స్క్రూలు కొట్టారు, రెండేళ్ళకి పై బందు వదులై తలుపు కింద రాసుకోవడం మొదలైంది. తర్వాత పొడవాటి, పళ్ళు దూరంగా ఉన్న స్క్రూలు, ముందు సన్న రంధ్రం చేసి మరీ ఎక్కించి, మూడు బందులకు బదులు నాలుగు వేశాక మళ్ళీ కదల్లేదు. కొనేటప్పుడు రెండు షాపుల ముక్కలు చేతిలో పట్టుకుని బరువు చూడండి, తేలిగ్గా ఉన్నది లోపల బోలుగా ఉన్నట్టే, స్క్రూ అసలు నిలవదు. ఎండ నేరుగా పడే చోట మాత్రం వద్దు. మా వీధిలో ఒకరు డాబా మీద పెట్టారు, వంగిపోయింది.

బందులు స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పి అమ్మేవన్నీ ఒకటి కాదు. చవకవి 202 గ్రేడు, మా గాలికి ఏడాదికే గోధుమ రంగు మచ్చలు. 304 అని అచ్చు ఉన్నవి వేశాక పడకగదుల్లో ఇప్పటికీ శుభ్రంగా ఉన్నాయి. బాత్రూములో మాత్రం అవీ మచ్చలు పట్టాయి, కారణం టాయిలెట్టుకి వాడే యాసిడ్. ఆ ఆవిరికి 304 కూడా తట్టుకోదు. యాసిడ్ మానేశాక కొత్త మచ్చలు రాలేదు.

అన్నిటికంటే నిరాశపరిచింది మెట్లగది తలుపు. పాత ఇనప రేకు తలుపు తుప్పు పట్టి కింద చిల్లులు పడితే, జింకు పూత మీద పౌడర్ కోటింగ్ వేసిన స్టీలు తలుపు పెట్టించాం. ఫ్యాక్టరీలో వేసిన పూత చెదరని చోటల్లా బాగానే ఉంది. కానీ బిగించేవాళ్ళు తాళం కోసం, బోల్టు కోసం ఇక్కడికొచ్చాక డ్రిల్లు చేసిన రంధ్రాల చుట్టూ రెండో వానాకాలానికే తుప్పు మొదలై రంగు కిందుగా పాకింది. పూత కోసేశాక అక్కడ జింకు ప్రైమర్ పూయాలి, ఎవరూ పూయలేదు. షాపులో అడిగితే వారంటీలో అది రాదన్నారు, మా పని కాదు, బిగించిన వాళ్ళ పని అన్నారు. ఏడాదికోసారి గీకి ప్రైమర్ వేసుకుంటూ నెట్టుకొస్తున్నాం. సముద్రానికి దూరంగా, వరంగల్లోనో కర్నూల్లోనో ఉంటే ఇదే తలుపు హాయిగా పని చేస్తుందేమో గానీ, ఇక్కడ నేను మళ్ళీ కొనను. అది పూర్తిగా పోయాక అల్యూమినియం వేయిస్తాను.

పాత తలుపుల గురించి కూడా చెప్పాలి. తూకానికి కొంటామని ఒకాయన వచ్చి వీధి తలుపుకి చాలా తక్కువ చెప్పాడు, ఇచ్చేద్దామనే అనుకున్నారు ఇంట్లో. కింది జానెడు తప్ప మిగతాదంతా ఇరవై ఏళ్ళకు పైగా ఆరిన చేవ టేకు, ఇవాళ అడితిలో అలాంటి కర్ర వెతికినా దొరకదు. వడ్రంగి గారు కుళ్ళింది తీసేసి, మిగిలినదాన్ని పలకలు కోసి, దేవుడి గదికి జంట రెక్కల తలుపు, వంటింట్లో రెండు అలమార అరలు చేశారు. కూలి తప్ప కర్రకి పైసా పడలేదు, వంగడం ఉబ్బడం అసలే లేదు. తలుపులు మార్పించేవాళ్ళు పాతవి బేరం పెట్టే ముందు టేపు పెట్టి కొలిచి, ఎన్ని ఘనపుటడుగుల మంచి కర్ర ఉందో తెలుసుకుని మాట్లాడండి.